వాడిన నీరు, చౌడెక్కని నేల

నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు అందించాలన్నది మన దేశంలో నీటి సరఫరా ఇంజనీర్లు పాటించే ప్రమాణం. అందులో తాగడానికీ వండడానికీ పది లీటర్లు, మరుగుదొడ్డికి ముప్పై నలభై లీటర్లు తీసేసినా, మిగిలిన ఎనభై లీటర్ల పైచిలుకు నీరు కాస్త సబ్బును, కాస్త చెమటను, కాస్త దుమ్మును మాత్రమే కలుపుకొని ఇంటి నుంచి బయటికి పోతుంది. హైదరాబాదులో ఆ నీరు నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా, గోదావరి మీది ఎల్లంపల్లి జలాశయం నుంచి అంతకన్నా ఎక్కువ దూరం, పంపుల మీద పంపులు దాటుకుంటూ గొట్టాల్లో ప్రయాణించి వచ్చినది. మావంటి శివారు కాలనీల్లో అయితే ఎండాకాలంలో అది డబ్బు పెట్టి తెప్పించుకున్న ట్యాంకరు నీరు. ఇంత దూరం వచ్చిన నీరు స్నానాల గదిలో ఒక్కసారి ఒంటి మీదుగా జారి, బయట ఛాంబరులో మరుగుదొడ్డి గొట్టంతో కలిసిన క్షణం నుంచి పూర్తిగా మురుగుగా మారిపోతుంది.

ఇల్లు కట్టుకున్నప్పుడే మేము స్నానాల నీటిని, బట్టల నీటిని వేరు చేసి మొక్కలకు మళ్లించే ఏర్పాటు చేసుకున్నాం. దాన్ని చూడడానికి వచ్చినవారు అందరూ మొదట అడిగే ప్రశ్న ఏ ఫిల్టరు పెట్టించారని. ఫిల్టరు గురించి చెబుతాను కానీ, ఈ పనిలో దానిది రెండో స్థానమని నా అభిప్రాయం. ఇంట్లోకి ఏ సబ్బు వస్తోంది, ఇంటి బయట ఏ నేల ఉంది అన్న రెండు విషయాలు తేలకుండా ఎంత మంచి ఫిల్టరు కట్టించినా నాలుగైదేళ్లలో పెరడు గట్టిపడి, చెట్లు ఎదగడం మానేస్తాయి.

ఇంట్లో వాడిన నీరంతా ఒకే రకం కాదు. స్నానపు నీరు, చేతులు కడుక్కునే బేసిన్ నీరు అన్నిటికన్నా తేలిక. వాటిలో ఉండేవి సబ్బు, జుట్టు, తలకు రాసుకున్న నూనె, ఒంటి మట్టి. బట్టల నీటిలో మురికి కన్నా సబ్బుపొడి లవణాలు ఎక్కువ ఇబ్బంది పెడతాయి, బట్టల నుంచి ఊడిన సన్నని నూలుపోగులు గొట్టాలను మూసేస్తాయి. వంటింటి నీరు పరిమాణంలో తక్కువే అయినా నూనె, మెతుకులు, పప్పు, పిండి మోసుకొస్తుంది కాబట్టి మిగతా రెండిటికన్నా వేగంగా కుళ్లుతుంది. అందుకే చాలా దేశాల నిబంధనలు దానిని మరుగుదొడ్డి నీటి పక్కనే నిలబెడతాయి. పసిపిల్లల మలం అంటిన గుడ్డలు ఉతికిన నీటిని కూడా మరుగుదొడ్డి నీటిగానే చూడాలి, అందులో మినహాయింపు లేదు.

మన పెరళ్లకు ఇది కొత్త పని కాదు. నూతి చప్టా మీద పోసుకున్న స్నానాల నీరు సన్నని కాలువగా సాగి అరటి బోదెల మొదట్లోకి, మెట్టతామర (కేనా అనే పూలమొక్క), చేమ దుబ్బుల్లోకి చేరేది. వంటింటి నీరైతే నేలకు కూడా దక్కేది కాదు. బియ్యం కడుగు, గంజి, కూరగాయల తొక్కలు కుడితి తొట్టిలో పడి గేదెల కడుపులోకి వెళ్లేవి. ఆ ఏర్పాటు తరాల పాటు సాగడానికి ఆ నీటిలో ఉన్న సరుకే కారణం. కుంకుడు రసం, శీకాయ, సున్నిపిండి నేలలో త్వరగానే మట్టిలో కలిసిపోయేవి. గిన్నెలు తోమిన కట్టెల బూడిదలోని క్షారం ప్రధానంగా పొటాషియానిది. పొటాషియం అరటి బాగా కోరుకునే పోషకం. ఆ పెరటి కాలువను ఉన్నదున్నట్టు తిరిగి తెద్దామంటే ఇప్పుడు కుదరదు. సబ్బు మారింది, ఇంటి చుట్టూ ఉన్న నేల చాలావరకు సిమెంటు గచ్చు అయింది, మిగిలిన నాలుగు గజాల మట్టి మీదే మొత్తం భారం పడుతుంది.

సబ్బుపొడి పొట్లంలో మురికిని వదిలించే అసలు పదార్థం కొంతే ఉంటుంది. మిగిలినదానిలో పెద్ద వాటా వాషింగ్ సోడా, సోడియం సల్ఫేట్ వంటి లవణాలది. చవక పొడుల్లోనూ, బట్టల సబ్బు బిళ్లల్లోనూ ఈ వాటా మరీ ఎక్కువ. నీటిలోని మురికిని నేలలోని సూక్ష్మజీవులు తినేస్తాయి కానీ సోడియాన్ని తినే జీవి లేదు, అది నేలలోనే ఉండిపోతుంది. బంకమట్టి రేణువులను ఒకదానికొకటి పట్టి ఉంచే కాల్షియం, మెగ్నీషియాల స్థానాన్ని సోడియం ఆక్రమించినప్పుడు ఆ రేణువులు విడివడి, నీటిలో మెత్తగా చెదిరి, మట్టిలోని సన్నని రంధ్రాలను పూడ్చివేస్తాయి. అప్పుడు పైన నీరు నిలుస్తుంది, కింద వేరు ఎండుతుంది, ఆరిన తరువాత నేల పెచ్చు కడుతుంది. రైతులు కారు చౌడు అనే నేల లక్షణాలు ఇవే. ఒకప్పుడు చాకలివారు బట్టలు ఉతకడానికి చౌడు మట్టిని వెతికి తెచ్చుకునేవారు. అందులో ఉన్న సోడానే ఇప్పుడు మనం పొట్లాల్లో కొని, వాడి, పెరట్లో పారబోస్తున్నాం.

అందుకని మా ఇంట్లో మొదట మారింది కిరాణా చీటీ. బట్టలకు పొడి మానేసి ద్రవరూపంలోని డిటర్జెంటుకు మారాం. ద్రవాల్లో సోడా, సల్ఫేట్ వంటి నింపుడు సరుకు బాగా తక్కువ, వాటి నీటి క్షారగుణం కూడా తక్కువ. బ్లీచు గాని, బోరాక్స్ కలిసిన పొడులు గాని తేవడం లేదు. బోరాక్స్‌లో ఉండే బోరాన్ మొక్కకు అతి స్వల్పంగా అవసరమే అయినా, కొంచెం మించితే విషమవుతుంది. నిమ్మజాతి చెట్లు దానికి అందరికన్నా ముందు లొంగిపోతాయి, ఆకుల కొనలు, అంచులు పసుపెక్కి మాడిపోతాయి. బట్టలన్నీ కుంకుడు రసంతోనే ఉతకాలని సలహా ఇచ్చేవారు కూడా ఉన్నారు. పట్టుచీరలకు అది సరే, వారం బట్టలన్నిటికీ కుంకుడుకాయలు ఎవరు కొట్టి నానబెడతారని మా ఆవిడ అడిగిన ప్రశ్నకు ఆ సలహాదారులెవరూ జవాబు చెప్పలేదు.

సబ్బుతో పాటు ఇంకొక యంత్రం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. నగరం చుట్టుపక్కల బోరు నీటి కాఠిన్యానికి విసిగి, ఈమధ్య చాలామంది ఉప్పుతో నడిచే సాఫ్ట్‌నర్లు పెట్టించుకుంటున్నారు. అది నీటిలోని కాల్షియం, మెగ్నీషియాలను పట్టుకొని వాటికి బదులుగా సోడియం వదులుతుంది. జుట్టుకు, కుళాయిలకు, గీజరుకు అది మేలే చేస్తుంది. నేల పక్షం నుంచి చూస్తే మాత్రం కాపాడే ధాతువులు రెండూ పోయి, పాడుచేసేది వచ్చి చేరినట్టు. పైగా యంత్రాన్ని ఉప్పుతో కడిగినప్పుడల్లా చిక్కని ఉప్పునీరు బయటికి వస్తుంది. దానిని ఎట్టి పరిస్థితిలోనూ మురుగు గొట్టంలోకే వదలాలి. ఇంటి మొత్తానికి సాఫ్ట్‌నర్ పెట్టుకొని, వాడిన నీటితో తోట పెంచుతామనుకునేవారు రెండిటిలో ఒకటి ఎంచుకోక తప్పదు, లేదా గీజరుకు వెళ్లే గొట్టానికి మాత్రమే సాఫ్ట్‌నర్‌ను పరిమితం చేసుకోవాలి.

మాది ఇసుకపాలు ఎక్కువగా ఉన్న ఎర్రనేల, రెండు మూడు అడుగుల కింద మొరం తగులుతుంది. నీరు సులువుగా దిగుతుంది, ఏడాది పొడుగునా చేరిన లవణాలను వానాకాలం కిందికి కడిగేస్తుంది. ఈ విషయంలో ఎర్రనేల వారు అదృష్టవంతులు. నల్లరేగడిలో బంకమట్టి పాలు చాలా ఎక్కువ, అది అసలే నీటిని నెమ్మదిగా పీలుస్తుంది. సోడియం చేరితే ఆ కాస్త దారి కూడా మూసుకుపోతుంది. నల్లరేగడి మీద ఇల్లు కట్టుకున్నవారు బట్టల నీటిని పూర్తిగా మురుగుకే వదిలిపెట్టి, స్నానాల నీటితో సరిపెట్టుకోవడం మంచిదని నేను నమ్ముతున్నాను. నేల గుణం తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు. అడుగు లోతు గుంత తవ్వి, ఒకసారి నీటితో నింపి పూర్తిగా ఇంకనిచ్చి, మళ్లీ నింపి గంటలో ఎంత దిగిందో చూడాలి; అంగుళమైనా దిగని నేలకు రోజూ వందల లీటర్లు పెట్టడం అంటే బురద పెంచుకోవడమే. మేము ఏటా వేసవి చివర చెట్ల పాదుల్లో కొంత జిప్సం చల్లి తొలకరికి వదిలేస్తాం. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని మట్టి రేణువుల నుంచి వెళ్లగొడితే, వాన దానిని వేర్ల కిందికి తోసేస్తుంది. చౌడు పొలాలకు వ్యవసాయ శాఖ వారు చెప్పే వైద్యమే ఇది, పెరటి కొలతకు తగ్గించుకున్నాం.

ఇక ఏర్పాటు విషయానికి వస్తే, మొదట గుర్తుంచుకోవలసింది ఈ నీటిని నిల్వ చేయరాదన్నది. సబ్బు కొవ్వులు, చర్మపు పొలుసులు, నూనె అన్నీ సూక్ష్మజీవులకు ఆహారమే. మన వెచ్చని వాతావరణంలో కొద్ది గంటల్లోనే నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువు ఖర్చయిపోతుంది, ఆ తరువాత సల్ఫేట్ మీద బతికే సూక్ష్మజీవులు విజృంభించి కుళ్లిన గుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడును వదులుతాయి, వాటితో పాటు రోగకారక బాక్టీరియా కూడా పెరుగుతుంది. శుద్ధి చేయని నీటిని 24 గంటలకు మించి ఉంచవద్దన్న హెచ్చరిక చాలా దేశాల మార్గదర్శకాల్లో కనిపిస్తుంది. వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకులో పట్టి, మోటారుతో మిద్దె తోటకు ఎక్కిద్దామని వేసే ప్రణాళికలు చాలావరకు ఈ వాసన దగ్గరే ఆగిపోతాయి. నీరు వాలు మీద తనంతట తానే పారి, వచ్చిన రోజే నేల చేరేలా ఉన్న ఏర్పాటులో చెడిపోయే భాగాలు తక్కువ, కరెంటు ఖర్చు అసలే లేదు.

ఇల్లు కట్టేటప్పుడు ప్లంబరును ఒప్పించవలసిన విషయం ఒక్కటే: కమోడు నుంచి దిగే నాలుగంగుళాల గొట్టం, స్నానాల గది నేలలోని జాలీ (నహానీ ట్రాప్) నుంచి దిగే గొట్టం ఎక్కడా కలవకూడదు. కాస్త పాత పద్ధతిలో కట్టిన ఇళ్లలో ఈ రెండూ గోడ వెంట వేరువేరుగానే దిగి, కింద ఛాంబరులో మాత్రమే కలుస్తాయి. అటువంటి ఇంట్లో ఒక్క ఇటుక పగలగొట్టకుండా, ఛాంబరుకు ముందే స్నానపు గొట్టాన్ని కోసి మళ్లించుకోవచ్చు. మేము అక్కడ నీటిని రెండు దారులకు మళ్లించే ఒక టీ (ఇంగ్లీషు T ఆకారపు గొట్టం ముక్క) బిగించి, మురుగు వైపు ఒకటి, తోట వైపు ఒకటి చొప్పున రెండు బాల్ వాల్వులు పెట్టించాం. రెండూ పొరపాటున ఒకేసారి మూసుకుంటే స్నానాల గది నిండుతుంది కాబట్టి పిడులకు ఎరుపు, ఆకుపచ్చ రంగులు వేశాం. గొట్టానికి యాభై అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఉంచాం. మేస్త్రీ గారికి వచ్చిన అభ్యంతరం వాలు గురించి కాదు, దిక్కు గురించి: స్థలం వాలు సహజంగా ఈశాన్యానికి ఉంది, వాడిన నీటిని ఈశాన్యానికి పంపితే ఇల్లు కలిసిరాదని ఆయన గట్టి నమ్మకం. సెప్టిక్ ట్యాంకుకు ఎవరికీ అభ్యంతరం లేని వాయవ్యం వైపే దీనినీ కట్టిద్దామని రాజీ కుదిరింది. దానివల్ల గొట్టం నాలుగు మీటర్లు పెరిగింది, ఇంట్లో మనశ్శాంతి మిగిలింది.

గొట్టం ముందుగా ఒక చిన్న ఇటుక తొట్టిలో పడుతుంది. రెండు అడుగుల చదరం, మూత, మధ్యలో అడ్డుగోడ. ఇసుక, మట్టి అడుగున దిగిపోతాయి, సబ్బు తెట్టు పైన తేలుతుంది, నడిమి నీరు మాత్రం అడ్డుగోడ కింది నుంచి అవతలికి వెళుతుంది. వాషింగ్ మెషిన్ గొట్టం చివర నూలుపోగుల కోసం ఒక నైలాన్ జాలీ సంచి కడతాం. ఈ తొట్టిలో నిలిచే నీరు కొద్దే కాబట్టి ఉదయం వచ్చిన నీటిని సాయంత్రం వచ్చిన నీరు తోసేస్తుంది.

అక్కడి నుంచి నీరు కంకర తొట్టిలోకి చేరుతుంది, శుద్ధి అంతా జరిగేది ఇందులోనే. రెండు మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పు, కంకరలో నీటి లోతు అర మీటరు. లోపల ఇటుక గోడకు నీరు కారని సిమెంటు పూత. నీరు ప్రవేశించే చోట, బయటికి వెళ్లే చోట పెద్ద కంకర, మధ్యనంతా 20 మిల్లీమీటర్ల కంకర. కంకర రాళ్ల మధ్య ఖాళీ సుమారు నలభై శాతం ఉంటుంది కాబట్టి, ఘనపు మీటరు తొట్టిలో పట్టే నీరు 400 లీటర్లు. నలుగురు ఉండే మా ఇంట్లో స్నానాలకు, బేసిన్లకు, బట్టలకు కలిపి రోజుకు సుమారు 200 లీటర్లు వస్తుంది. అంటే వచ్చిన నీరు రెండు రోజుల పాటు కంకర గుండా నెమ్మదిగా సాగుతుంది. నిల్వ చేయకూడదన్న మాటకు ఇది విరుద్ధం కాదు, ఎందుకంటే ప్రతి రాయి మీద పట్టిన జిగురు పొరలో సూక్ష్మజీవులు ఆ రెండు రోజులూ నీటిలోని మురికిని తింటూ ఉంటాయి. బయటికి వెళ్లే గొట్టాన్ని తిప్పగలిగిన, మోచేయిలా వంగిన గొట్టం ముక్కతో పైకి లేపి, నీటి మట్టం ఎప్పుడూ కంకర పైభాగానికి రెండు అంగుళాల కిందే ఉండేలా అమర్చాం. పైకి నీరు కనబడదు కాబట్టి దోమ గుడ్డు పెట్టలేదు, వాసన బయటికి రాదు, పిల్లలు తాకే భయం లేదు.

కంకరలో నాటినది మెట్టతామర. దాని వేర్లు రాళ్ల మధ్య అల్లుకొని, తమ చుట్టూ కొద్దిగా ప్రాణవాయువును వదులుతాయి. ఆ వేర్ల చుట్టూ ఒక రకం సూక్ష్మజీవులు, గాలి అందని చోట మరొక రకం సూక్ష్మజీవులు చేరి పని పంచుకుంటాయి. జమ్ము కూడా ఇదే పని చేస్తుంది కానీ ఇంటి ముందు చూడడానికి అంత బాగుండదు, పైగా దాని దూది గాలికి పక్కింటి వాకిట్లోకి ఎగురుతుంది. వట్టివేరు వేర్లు లోతుగా పోతాయి, మెట్టప్రాంతపు ఎండకు తట్టుకుంటుంది. చోటు ఇరుకుగా ఉన్నవారికి అది మంచి ఎంపిక. ఈ తరహా కంకర మడుగులు మనకు దగ్గరలోనే ఉన్నాయి. పటాన్‌చెరు దగ్గరి అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు గ్రామాల మురుగునీటిని ఇటువంటి మడుగుల్లో శుద్ధి చేసి సాగుకు వాడటం మీద పని చేశారు.

తొట్టి దాటిన నీరు కంటికి దాదాపు తేటగా ఉంటుంది. దానిని రెండంగుళాల గొట్టంతో చెట్ల పాదులకు పంచుతాం. వేసవిలో ఎదిగిన అరటి చెట్టుకు రోజుకు సుమారు 20 లీటర్లు, కొబ్బరికి 50 లీటర్లు కావాలి. నాలుగు అరటి చెట్లు, రెండు కొబ్బరి చెట్లు ఉంటే 180 లీటర్లు. మెట్టతామర తాగేది, ఆవిరయ్యేది తీసేస్తే మా నీరు సరిగ్గా వాటికే చాలుతుంది. ఇంటి నుంచి వచ్చే నీటిని బట్టి చెట్లు నాటుకోవాలి తప్ప, కనబడిన చెట్టల్లా నాటి ఆ తరువాత నీటి కోసం వెతుక్కుంటే ఎండాకాలంలో మళ్లీ ట్యాంకరే దిక్కవుతుంది. పాదుల్లో అడుగు లోతున కొబ్బరి పీచు, ఎండుటాకులు నింపి, నీరు వాటి కింద పడేలా చూస్తాం. మల్లె, మందారం, కరివేపాకు ఈ నీటితో బాగానే పెరిగాయి. నిమ్మకు మాత్రం బోరు నీరే పెడుతున్నాం.

ఆకుకూరలకు ఈ నీరు పెట్టకూడదు. కొత్తిమీర, పుదీన, ముల్లంగి, ఉల్లి వంటి పచ్చిగా తినేవాటికి అసలే కూడదు. కంకర తొట్టి బాక్టీరియాను తగ్గిస్తుంది కానీ నిర్మూలించదు. దానికి తోడుగా నీరు నేల మీద కాక నేలలో పడటం, తినే భాగానికి తగలకపోవడం, చల్లించకుండా పారించడం వంటి అడ్డుకట్టలు ఒకదాని వెనుక ఒకటి ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో వెలువరించిన నాలుగు సంపుటాల మార్గదర్శకాల్లో నాలుగోది ఈ నీటిని వ్యవసాయంలో వాడటం గురించినదే. అందులోని ఆలోచన కూడా ఒకే శుద్ధి యంత్రం మీద ఆధారపడక ఇటువంటి అడ్డుకట్టలు పేర్చుకోవడమే. ఇంట్లో ఎవరికైనా విరేచనాలు, టైఫాయిడ్ వంటివి వచ్చినప్పుడు వాల్వు మురుగు వైపు తిప్పేస్తాం. స్నానాల గదిని యాసిడ్‌తో, ఫినాయిల్‌తో కడిగే రోజు, జుట్టుకు రంగు వేసుకునే రోజు కూడా అంతే. వానాకాలంలో నేల తడిసి ఉన్నంత కాలం తోట వైపు వాల్వు మూసే ఉంటుంది, తొట్టి ఎండకుండా అప్పుడప్పుడు మాత్రం తెరుస్తాం.

వంటింటి నీటిని మేము ఇందులో కలపలేదు. జిడ్డు తొట్టి కట్టి, దాన్ని తరచూ ఎత్తి శుభ్రం చేసే ఓపిక ఉన్నవారు కలుపుకోవచ్చు. లేకపోతే నూనె కంకర మధ్య గడ్డకట్టి తొట్టి అంతటినీ మూసేస్తుంది. బియ్యం కడుగు, కూరగాయలు కడిగిన నీరు మాత్రం గిన్నెలో పట్టి నేరుగా కుండీల్లో పోస్తాం, దానికి ఏ శుద్ధీ అక్కరలేదు. ఏసీ నుంచి కారే నీరు దాదాపు లవణాలు లేనిది, కుండీలకు నిక్షేపంగా వాడవచ్చు. ఆర్ఓ యంత్రం వదిలే నీటిలో లవణాలు చిక్కబడి ఉంటాయి కాబట్టి అది గచ్చు తుడవడానికే తగినది.

ఈ నీటిని మళ్లీ ఫ్లష్‌కు వాడుకోవచ్చు కదా అని కొందరు అడుగుతారు. సాధ్యమే. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, యూనిసెఫ్ కలిసి మధ్యప్రదేశ్‌లోని ఆశ్రమ పాఠశాలల్లో స్నానాల నీటిని వడగట్టి మరుగుదొడ్లకు వాడిన అనుభవాన్ని 2007లో మార్గదర్శినిగా వెలువరించాయి. వందల మంది పిల్లలు ఒకేచోట స్నానం చేసే బడిలో అది చక్కని పని. ఒక్క ఇంటికి మాత్రం వడపోత, క్లోరిన్, పంపు, మిద్దె మీద వేరే ట్యాంకు, వేరే గొట్టాలు ఇవన్నీ పెట్టి ఆదా చేసే నీరు, వాటిని కనిపెట్టుకొని ఉండే శ్రమకు సరిపోదు. అపార్టుమెంట్లలో లెక్క వేరు. 20,000 చదరపు మీటర్లకు మించిన నిర్మాణాలు 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద అనుమతి పొందాలి. మురుగు శుద్ధి కేంద్రం, శుద్ధి చేసిన నీటిని ఫ్లష్‌కు, తోటకు వాడటం ఆ అనుమతుల్లో సాధారణంగా ఉండే షరతులు. మా బంధువులుండే ఒక సముదాయంలో కరెంటు బిల్లు తగ్గించడానికి రాత్రిళ్లు శుద్ధి కేంద్రంలో నీటిలోకి గాలి ఊదే యంత్రం ఆపేసేవారు. ఆ గాలి మీదే బతికే సూక్ష్మజీవులు చచ్చిపోయి, ఫ్లష్ నొక్కితే వాసన కొట్టే నీరు రావడంతో నివాసులు దాన్ని వద్దని, మళ్లీ మంచినీటికే మారిపోయారు. యంత్రం ఎంత పెద్దదైతే దాన్ని నడిపే మనిషి అంత ముఖ్యమవుతాడు.

పల్లెల్లో ఈ సమస్య మరొక రూపంలో ఉంది. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ లక్ష్యం ఇంటింటికీ కుళాయి, మనిషికి రోజుకు 55 లీటర్లు. కుళాయి వచ్చిన చోట అందులో సగానికి పైగా వాడిన నీరై వీధిలోకి వస్తుంది, భూగర్భ మురుగు కాలువ ఉండదు. నిలిచిన మురికినీటిలో క్యూలెక్స్ దోమ పెరుగుతుంది. కోస్తా జిల్లాల్లో తరతరాలుగా పీడించిన బోదకాలుకు వాహకం ఆ దోమే. సిద్దిపేట జిల్లా ఇబ్రహీంపూర్‌లో ఇంటింటికీ ఇంకుడు గుంత తవ్వుకొని, నీటిని వీధిలోకి రాకుండా ఆపుకున్నారు. అక్కడ పెరడు ఉన్న ఇంటికి గుంత కన్నా నాలుగు అరటి పిలకలే మేలని నేను అంటాను, అయినా పెరడు లేని ఇళ్లకు గుంతే దారి. ఒక్క హెచ్చరిక మాత్రం అవసరం. వాన నీటి కోసం బోరు పక్కన తవ్విన ఇంకుడు గుంతలోకి ఈ నీటిని ఎప్పుడూ వదలకూడదు. ఆ గుంత వాన నీటిని రాళ్ల గుండా నేరుగా లోతుకు దింపడానికి కట్టినది, అందులో శుద్ధి చేసే మట్టి పొర ఉండదు. మన సబ్బు నీరు మన బోరులోంచే తిరిగి వస్తుంది.

నిర్వహణ అంటే మెట్టతామర గుబురైనప్పుడు కోసి పాదుల్లో పరచడం, మొదటి ఇటుక తొట్టిలో పేరుకున్న మడ్డిని ఎత్తి కంపోస్టు గుంతలో వేయడం, నైలాన్ సంచిని దులపడం. కొన్నేళ్లకు నీరు ప్రవేశించే చోటి పెద్ద కంకర జిగురుతో నిండి, నీరు పైకి ఉబకడం మొదలవుతుంది; అప్పుడు ఆ మొదటి అడుగు మేర కంకరను తీసి కడిగి తిరిగి పోయాలి, మిగతా తొట్టిని కదిలించనక్కరలేదు.

ఇప్పుడు ఇల్లు కడుతున్నవారు తోట, కంకర, మెట్టతామర అన్నీ తరువాత తేల్చుకోవచ్చు. గోడలకు ప్లాస్టరింగు పడేలోగా స్నానాల గొట్టాన్ని కమోడు గొట్టంతో కలవకుండా వేరుగా దింపించి, ఛాంబరుకు ముందు మూత బిగించిన టీ ఒకటి వదిలిపెట్టించుకుంటే చాలు. అమెరికాలో అరిజోనా ఎడారి మధ్య ఉన్న టూసన్ నగరం కొత్త ఇళ్లకు ఇటువంటి నిబంధననే 2010లో అమలులోకి తెచ్చింది. మన దగ్గర ఆ టీ, మూత, అదనపు గొట్టం కలిపి ఒక వేసవి నెల ట్యాంకర్ల ఖర్చు కూడా కాదు. అదే పని టైల్స్ వేసిన తరువాత చేయించాలంటే ప్లంబరు కన్నా ముందు గోడలు పగలగొట్టే మనిషిని పిలవాలి.